పై మంచం రాజబాబు

రోలా, షార్జా
జూన్ 2021

మామకు ఫైజా సలాములు.

చేతిలో ఫోను ఉండగా ఈ పిల్ల కాగితం మీద రాస్తోందేమిటా అనుకుంటావు. ఫోన్లో నువ్వు ‘ఊఁ’, ‘ఆఁ’, ‘తిన్నారా’, ‘మాహిరా బాగుందా’ తప్ప ఇంకో మాట మాట్లాడవు. వచ్చి కూర్చుని మాట్లాడదామంటే అబుదాబి బోర్డరు దగ్గర కరోనా టెస్టు చూపించాలి. అందుకే ఇమామ్ హుస్సేన్ అన్నను పట్టుకున్నాను. వారం వారం షార్జాలో పాత స్పేర్ పార్టులు ఎత్తుకుని మీ ముసఫ్ఫా గ్యారేజీలకు పికప్ తోలుకొస్తాడు కదా. గేరు బాక్సుల మధ్య నా ఉత్తరానికీ చోటిస్తానన్నాడు.

సంగతి చెప్తాను. నా ఎమ్మే ప్రాజెక్టు తిరిగొచ్చింది. ఇది రెండోసారి. అమెరికా సాహిత్యంలో మనసు దోచే మాయగాడి మీద రాస్తున్నానని చెప్తే నువ్వు ‘ఊఁ’ అన్నావు, గుర్తుందా? ఆ కథల్లో ఈ మనిషి మళ్ళీ మళ్ళీ వస్తాడు మామా. పడవ దిగి కొత్త ఊళ్ళో కొత్త పేరు చెప్పుకుంటాడు. లేని మందుకు గుణాలన్నీ కల్పించి అమ్మేస్తాడు. బానిసలు చెప్పుకున్న కథల్లో అయితే చిన్న జంతువై వచ్చి పెద్ద జంతువును మాటలతోనే బోల్తా కొట్టిస్తాడు. చదివేవాళ్ళకు వాడి మీద కోపం రాదు, ప్రేమ పుట్టుకొస్తుంది. ఎందుకు? అదే నా ప్రాజెక్టు.

గైడ్ మేడమ్ ఏమన్నదో తెలుసా? ‘‘అమ్మాయ్, నువ్వు పుస్తకాల్లోంచి పుస్తకం రాశావు. మోసపోయినవాడు మోసగాణ్ణి ఎందుకు ఇష్టపడతాడో నీకు తెలిసినట్టు లేదు. అలాంటివాణ్ణి ఒక్కణ్ణయినా కళ్ళతో చూశావా?’’ అంది. నేనెక్కడ చూశాను? మా నాన్న బడిపంతులు. మీ అల్లుడు షారుఖ్ అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇక నువ్వు. నీకు నవ్వే రాదు, మోసం ఎక్కడ వస్తుంది!

మార్చిలోగా ఈ ప్రాజెక్టు ఒప్పుకోకపోతే నా రిజిస్ట్రేషన్ ఖలాస్. ఎమ్మే లేకపోతే ఏప్రిల్ నుంచి స్కూలు వాళ్ళు నన్ను టీచరుగా ఉంచుకోరు, మొహం మీదే చెప్పేశారు. షారుఖ్ ఒక్కడి జీతంతో ఈ ఊళ్ళో కాపురం నడవదు. నేనూ మాహిరా రాయచోటికి సర్దుకోవాలి, అతనేమో ఎక్కడో నలుగురుండే గదిలో ఒక బెడ్‌స్పేస్ చూసుకోవాలి. నిన్న మాహిరా ‘‘అబ్బా మనతో రాడా?’’ అని అడిగితే బాత్రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

మీ లేబర్ క్యాంపులో అన్ని ఊళ్ళవాళ్ళూ ఉంటారు కదా. అలాంటి మనిషి ఒక్కడైనా తగిలాడా? నీకు ఇలాంటివి పట్టవని తెలుసు, అయినా అడుగుతున్నాను.

నీ మేనకోడలు
ఫైజా


ముసఫ్ఫా
జూలై 2021

అమ్మా ఫైజా,

దువాలు. ఉత్తరం అందింది. ఏడవొద్దు. మాహిరాకు అప్పుడే ఏమీ చెప్పొద్దు, మార్చి ఇంకా దూరముంది.

నువ్వడిగిన లాంటి మనిషి ఒకడున్నాడు. నా మంచానికి పై మంచం అతనిది. పేరు రాజబాబు. రాజోలు వైపు మనిషి, టైర్ల సెక్షన్లో పని. నాకు మరీ దగ్గరివాడేం కాదు. చూసింది చూసినట్టు రాస్తాను.

మా గదిలో ఏసీ పోయిన నెల చచ్చింది. ఈ దేశంలో ఈ నెలలో ఏసీ లేని గది అంటే నీకు చెప్పనక్కర్లేదు. క్యాంప్ బాస్ లక్నో మనిషి. చెడ్డవాడు కాడు, బద్ధకస్తుడు. ఎప్పుడడిగినా ‘కల్ పక్కా’ అంటాడు, ఆ రేపు రాదు. మెట్‌పల్లి భూమేశ్ తడి తువ్వాలు కప్పుకుని పడుకుని జ్వరం తెచ్చుకున్నాడు. అందరూ కలిసి పోయి కొట్లాడదామన్నారు. రాజబాబు మాత్రం, ‘‘ఆయ్, కొట్లాట ఎందుకండీ? సన్మానం చేద్దాం’’ అన్నాడు.

‘‘ఎవనికి?’’ అన్నాడు మా గదిలోనే ఉండే వెంకట్రాములు.

‘‘క్యాంప్ బాసు గారికండీ.’’

శుక్రవారం మధ్యాహ్నం పెట్టాడు ముహూర్తం. గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ, దాన్ని మధ్యలో వేశాడు. క్యాంప్ బాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పాపం. ఆయనను జన్మలో ఎవరూ పిలిచి కూర్చోబెట్టినట్టు లేదు. కూర్చోగానే శాలువా కప్పారు. పల్చటిది కాదమ్మా, చలికాలం అమ్మకాల్లో మిగిలిపోయిన ఉన్ని శాలువా. దాని మీద ప్లాస్టిక్ పూలదండ. మొహానికి మాస్కు ఎటూ ఉంది. సభకు గౌరవంగా ఉంటుందని తలుపు కూడా మూశారు.

తర్వాత ప్రసంగాలు. మైకు లేనంత మాత్రాన మనవాళ్ళ మాట ఆగుతుందా? అమలాపురం ఆనందకుమార్ ఆయన బాల్యం గురించి మాట్లాడాడు. ఆ వివరాలు ఎక్కడ సంపాదించాడో అల్లాకే తెలియాలి. వెంకట్రాములు పాట పాడాడు. ఒక్కొక్కరు మాట్లాడటం, రాజబాబు దాన్ని హిందీలోకి దించడం. ఫిర్యాదు ఒక్క ముక్క లేదు, అంతా పొగడ్తే. చివర్లో రాజబాబు గుండె మీద చెయ్యి పెట్టుకుని, ‘‘సార్, మీ మనసు ఎంత వెచ్చనో ఈ గదీ అంత వెచ్చన. ఇందులో ఉన్నంతసేపూ మిమ్మల్నే తలుచుకుంటుంటాం’’ అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. శాలువా తీస్తే అమర్యాద అవుతుందని ఆయన తియ్యలేదు. చెమట గడ్డం మీది నుంచి దండ మీదికి, దండ మీది నుంచి ఒళ్ళోకి కారింది. వందన సమర్పణ అయ్యేసరికి లేచి నిలబడటానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఏసీ మెకానిక్ దిగాడు. మా గది ఒక్కటే కాదు, వరస మొత్తం బాగుచేశారు. బాసు స్వయంగా ఎండలో నిలబడి చేయించాడు. మా పిల్లలు, నా పిల్లలు అని అందరితో చెప్పుకుంటున్నాడట.

ఇది మోసమో, కాదో నాకు తెలియదు. నీకు పనికొస్తే వాడుకో. షారుఖ్‌ను అడిగానని చెప్పు.

మీ మామ
మీరా హుస్సేన్


రోలా, షార్జా
ఆగస్టు 2021

మామా!

నీ ఉత్తరం బస్సులో చదివాను. నేను నవ్విన నవ్వుకు పక్కావిడ జరిగి కూర్చుంది. ఇంటికొచ్చి షారుఖ్‌కు చదివి వినిపించాను, ‘మీ మనసు ఎంత వెచ్చనో’ దగ్గర అతను కుర్చీలోంచి జారాడు. ఫోన్లో అమ్మకూ వినిపించాను. ‘‘ఇది మా అన్న రాసింది కానే కాదు, ఎవరి చేతో రాయించినాడు’’ అని తేల్చేసింది అక్తర్ బీ గారు. నాకూ ఒక సందేహం. రాజబాబు గురించి రాసేటప్పుడు నీ చేతికి ఏమవుతుంది మామా? రాజబాబు లేని పేరాల్లో మళ్ళీ ‘ఊఁ’, ‘ఆఁ’ మామే ఉన్నాడు.

గైడ్ మేడమ్‌కు ఈ సన్మానం సంగతి రాసి పంపాను. ‘‘ఇప్పుడు దారిలో పడ్డావు, ఇంకా తవ్వు’’ అంది. తవ్వుతున్నాను. అమెరికా కథల్లో మాయగాడు ఎందుకు అంతగా పుట్టాడంటే, అక్కడ అందరూ కొత్తగా వచ్చినవాళ్ళే. నీ తండ్రెవరు, తాత ఎవరు అని అడిగేవాడు లేడు. నేను ఫలానా అంటే ఫలానాయే. ఈ దుబాయ్ కూడా అంతే కదా? రాయచోటిలో నువ్వు మస్తాన్ సాహెబు కొడుకువి. ముసఫ్ఫాలో నువ్వు ఏం చెప్తే అది.

కానీ ఒక చిక్కుంది. ఆ పుస్తకాల్లో మాయగాడు పని కాగానే ఊరు దాటేస్తాడు. వాడికి మర్నాడు అంటూ ఉండదు. మరి రాజబాబు మర్నాడు క్యాంప్ బాసు మొహం ఎలా చూశాడు? ఆ సంగతి నువ్వు రాయలేదు. రాయకపోతే ఊరుకోను. అతని ఫోను నంబరు కూడా ఇయ్యి, నేనే మాట్లాడతాను.

ఫైజా


ముసఫ్ఫా
అక్టోబరు 2021

అమ్మా ఫైజా,

దువాలు. ఆలస్యమైంది, పని ఎక్కువ. నంబరు అడిగావు. అతనికి ఫోను మాట్లాడటం గిట్టదు. పట్టుబట్టొద్దు.

మర్నాడు ఏం చేశాడని అడిగావు. చాయ్ పట్టుకుపోయి క్యాంప్ బాసు పక్కన కూర్చున్నాడు. ఇంకెక్కడికి పోతాడు? అదే గేటు, అదే కంపెనీ బస్సు, అదే మంచం. ఎవరిని బురిడీ కొట్టించినా పొద్దున మొహం కడిగేటప్పుడు పక్క కుళాయి దగ్గర వాళ్ళే ఉంటారు.

ఇంకోటి రాస్తాను. మా గదిలో వంట వంతుల వారీగా. ఆనందకుమార్ తన వంతు రోజున పప్పుచారులో బెల్లం వేశాడు. వెంకట్రాములు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ‘‘గిది పప్పుచారా, పాయసమా?’’ అన్నాడు. ‘‘మీకు కారం తప్ప రుచి తెలీదండీ’’ అన్నాడు ఆనందకుమార్. అంతే, మాటలు బంద్. నెలలు గడిచాయి. ఒక గదిలో ఇద్దరు మాట్లాడుకోకపోతే మిగిలినవాళ్ళకు అన్నం దిగదమ్మా. ఎవరితో నవ్వితే ఎవరికి కోపమో తెలియదు.

ఎంతమంది చెప్పినా వినలేదు. రాజబాబు రాజీకి పోనే లేదు. ఒకరోజు ఆనందకుమార్ చెవిలో, ‘‘వెంకట్రాములు గారిది కోపం కాదండీ, మొక్కు. కూతురికి నెలలు నిండుతున్నాయి. సుఖంగా కాన్పయ్యేదాకా మౌనం పాటిస్తానని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాడు. అందరితో కుదరదు గదా, మీ ఒక్కరితో పాటిస్తున్నాడు’’ అన్నాడు. వెంకట్రాములు దగ్గరికి పోయి, ‘‘ఆనందకుమార్ భార్య మరియకుమారి గారు నర్సు గదండీ, కరోనా వార్డులో డ్యూటీ. ఆవిడ క్షేమంగా ఆ వార్డు దిగేదాకా మౌన ప్రార్థన పట్టాడు. పగ గాదు’’ అన్నాడు.

ఇక చూడు. మాట లేదు గానీ, మర్యాద మొదలైంది. డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే ఒకరికొకరు కంచం మూతపెట్టి ఉంచడం. ఒకరు దేవుడి పటం ముందు నిలబడితే ఇంకొకరు రేడియో ఆపడం. వెంకట్రాములు తన వంతు రోజున కారం తగ్గించాడు. ఆనందకుమార్ బెల్లం మానేశాడు. మనవరాలు పుట్టిందని ఫోను రాగానే ఆనందకుమార్ పరిగెత్తుకొచ్చి, ‘‘తల్లీబిడ్డా క్షేమమేనాండీ?’’ అన్నాడు. ‘‘నీ ప్రార్థన అయిపోయిందా తమ్మీ?’’ అన్నాడు ఇతను. ఏ ప్రార్థన అని అతను, ఏ మొక్కు అని ఇతను. ఇద్దరూ కలిసి రాజబాబును తన్నడానికి క్యాంపంతా వెతికారు. కలిసి వెతకడమే అతనికి కావలసింది.

నువ్వు అంత చదివావు కదా, ఒకటి అడుగుతాను. మోసపోయినవాళ్ళు తర్వాత ఎట్లున్నారో ఆ పుస్తకాల్లో రాశారా?

మీరా హుస్సేన్


రోలా, షార్జా
జనవరి 2022

మామా,

నీ ప్రశ్న పట్టుకుని రెండు నెలలు కూర్చున్నాను. పుస్తకాలన్నీ తిరగేశాను. మోసపోయినవాళ్ళ సంగతి చాలాచోట్ల ఎవరూ పట్టించుకోలేదు. మాయగాడు దారి పట్టగానే కథ వాడి వెంట పోతుంది. నా ప్రాజెక్టంతా దీని చుట్టూ మళ్ళీ రాశాను. దారి ఉన్న మాయగాడు ఏ మోసమైనా చెయ్యగలడు. రాజబాబుకు దారి లేదు. వీసా కంపెనీది, మంచం కంపెనీది. పొద్దున లేచి ఎదుటివాడి మొహం చూడగలిగేంత మోసమే చెయ్యాలి. మోసపోయినవాడికి కూడా నష్టం కాదు, పెద్దరికం మిగలాలి. క్యాంప్ బాసు ఓడిపోలేదు కదా మామా, తండ్రి అయ్యాడు!

మేడమ్ చదివి ఫోను చేసింది. బాగుందంది, ఈసారి ‘అమ్మాయ్’ కాదు, ‘అమ్మా’ అని కూడా అంది. కానీ చివర్లో మెలిక పెట్టింది. ‘‘ఈ రాజబాబు నిజంగా ఉన్న మనిషేనా? నీ కల్పన అయితే వైవాలో నిన్ను చీల్చేస్తారు. అతని నోటి మాట ఒక్కటి తీసుకురా. మనుషుల్ని ఎందుకిలా బుట్టలో వేస్తావని అడుగు’’ అంది. వైవా మార్చి నెలాఖరున. అదొక్కటే మిగిలింది. అది ఉంటే మేమిక్కడ, లేకపోతే రాయచోటి బస్టాండులో.

బోర్డరు టెస్టులు ఎత్తేస్తారని అంటున్నారు. ఎత్తెయ్యగానే ఆదివారం చూసుకుని మేమే వస్తాం. రాజబాబును గదిలోనే ఉండమను.

ఫైజా


ముసఫ్ఫా
ఫిబ్రవరి 2022

అమ్మా ఫైజా,

దువాలు. రావద్దు. రాజబాబును దుబాయ్‌లోని అల్ ఖూజ్ వర్క్‌షాపుకు మార్చారు. ముదీర్ ఆర్డరు, మేనేజరు మాటకు తిరుగు లేదు. ఎప్పుడొస్తాడో తెలియదు. ప్రశ్న రాసి పంపితే అతనికి చేరుస్తాను.

చలిగా ఉంది. మాహిరాకు స్వెట్టర్ వెయ్యి.

మీరా హుస్సేన్


రోలా, షార్జా
మార్చి 2022

రాజబాబు గారికి,

నమస్కారం. మా మామ మంచానికి పై మంచం మీదని విన్నాను, ఆ చిరునామాకే రాస్తున్నాను. నేను ఫైజాను. మీ గురించి ఎంత రాశానంటే, మీకంటే మీ గురించి నాకే ఎక్కువ తెలుసేమో.

మామ వద్దన్నా పోయిన ఆదివారం వచ్చాం. చెప్పకుండా వచ్చాం. షారుఖ్ లోపలికి వెళ్ళాడు, నేను గేటు ఎదురుగా చాయ్ దుకాణంలో కూర్చున్నాను. మామ మధ్యాహ్నం జొహర్ నమాజుకు పోయాడట. మీ గదివాళ్ళు నన్ను చూడటానికి వచ్చారు. ఎంత మర్యాదస్తులో! రాజబాబు గారెక్కడ అని అడిగాను.

‘‘ఊరికి వోయిండు బిడ్డా, చుట్టీ మీద’’ అన్నాడు వెంకట్రాములు గారు.

‘‘అల్ ఖూజ్‌లో ఉన్నారండీ’’ అన్నారు ఆనందకుమార్ గారు.

‘‘ఇప్పుడే గద అక్కా డ్యూటీకి వోయిండు’’ అన్నాడు భూమేశ్.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈలోగా షారుఖ్ వచ్చాడు, ఆ అబద్ధాలన్నీ తనే ఆడినట్టు చెవులు ఎర్రగా పెట్టుకుని. మీ పై మంచం మీద మూడు సూట్‌కేసులు, ఒక ఉల్లిగడ్డల బస్తా పడుకుని ఉన్నాయట.

అంతలో క్యాంప్ బాసు గారు వచ్చారు. మీరా భాయ్ మేనకోడలినని తెలిసి నాకు చాయ్ ఇప్పించారు. సన్మానం సంగతి ఎత్తితే ఆయన మొహం వెలిగిపోయింది. ‘‘రాజాబాబు కౌన్? వో తో మీరా భాయ్ నే కియా థా’’, ఆ రాజబాబెవరు, అదంతా చేసింది మీ మామే కదా, అని ఫోన్లో ఫోటో తీసి చూపించారు. ఉన్ని శాలువాలో ఆయన, పక్కన దండం పెడుతూ మా మామ. రాజబాబు గారూ, ఆ ఫోటోలో మా మామ నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనిపించేలా, కళ్ళు మూతలుపడేలా నవ్వుతున్నాడు. అక్కడే దుకాణంలో నాకు ఏడుపొచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ మనిషిని చూస్తున్నాను, ఆ నవ్వు ఒక్కసారి చూడలేదు.

కాసేపటికి మామ వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. ‘‘ఊఁ. తిన్నారా?’’ అన్నాడు. నేనేమీ అడగలేదు. మీరు కూడా చెప్పకండి.

ఒక్క ప్రశ్న మిగిలింది. మీ నోటి మాటే కావాలి, ఎవరు రాసినా పరవాలేదు. మనుషుల్ని ఎందుకు బుట్టలో వేస్తారు?

ఫైజా


ముసఫ్ఫా
మార్చి 2022

ఫైజా గారికి రాజబాబు నమస్కారాలండీ.

ఆయ్, అల్ ఖూజ్ నుంచి నిన్ననే వచ్చానండి. మీరొచ్చినప్పుడు లేకపోవడం నా దురదృష్టం. ఉల్లిగడ్డలు నావేనండి.

ప్రశ్నకు జవాబు. ఇక్కడ ఏదైనా అడిగి పుచ్చుకుంటే ఇచ్చినవాడు పెద్ద, పుచ్చుకున్నవాడు చిన్న అయిపోతారండి. కొట్లాడి తెచ్చుకుంటే ఓడినవాడు పొద్దున మన మొహం చూడడు. అందుకని ఎదుటివాడు తనంతట తానే మంచివాడైపోయే దారి ఒకటి వేసి పెడతాను. ప్రతివాడికీ మంచివాడు కావాలనే ఉంటుందండి. పిలిచేవాడు లేక ఊరుకుంటాడు. అంతకంటే నాకు తెలిసిందేమీ లేదు.

మీరు అడక్కపోయినా ఇంకో మాట. మీ మామను ఒకసారి అడిగాను. ఏమయ్యా, ఇంటికి ఫోను చేస్తే అట్ల బిగుసుకుపోతావేంది అని. ‘‘మా అబ్బ పోయినప్పుడు ఇంటికి నేనే పెద్దోన్ని. పెద్దోడు నవ్వితే చిన్నోళ్ళకు ధైర్యం చాలదని మొగం బిగబట్టుకున్నా. మళ్ళీ విప్పుదామంటే రాలేదు. ఊర్లో అందరికీ ఆ మొగమే తెలుసు. ఈడ ఎవురికీ తెల్దు’’ అన్నాడు.

ఆ మనిషి నీకు చెప్పడమ్మా, నేను చెప్తాను. ఆయనకు నువ్వంటే ప్రాణం. గ్యారేజీలో ఎవడు దొరికినా, మా ఫైజా అమెరికా వాళ్ళ పుస్తకాలు చదివి వాళ్ళకే తప్పులు పడుతుంది అంటాడు. పికప్ వచ్చే రోజున పని వదిలేసి గేటు దగ్గర నిలబడతాడు. నువ్వు ఊరికి పోతే ఆ పికప్‌లో ఆయనకు గేరు బాక్సులు తప్ప ఏముంటాయి? అందుకే నీకు కావలసిన మనిషిని ఎట్లైనా తెచ్చి నిలబెట్టాలనుకున్నాడు. భయపడకుండా పోయి చెప్పు. యల్లా, కానియ్!

ఇట్లు
రాజబాబు


రోలా, షార్జా
ఏప్రిల్ 2022

మామకు ఫైజా సలాములు.

పాసయ్యాను. రాజబాబు గారి జవాబు చదివి వినిపించాను. తెలుగులో చదివి, ఇంగ్లీషులో చెప్పాను. వైవాకు వచ్చిన పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ‘‘ఈయన ఉన్నారామ్మా?’’ అని అడిగాడు. ‘‘ఉన్నారు సార్, నాకు బాగా కావలసినవాళ్ళు’’ అన్నాను. స్కూలు వాళ్ళు నిన్న ఆర్డరు ఇచ్చారు. మాహిరా వాళ్ళ అబ్బా మెడ పట్టుకుని రాత్రంతా వదల్లేదు. మేము ఎక్కడికీ పోవడం లేదు మామా.

ఇప్పుడు నీతో పని పడింది. ఎన్నిసార్లు పిలిచినా, గ్రీజు బట్టలతో చదువుకున్నవాళ్ళ ఇళ్ళకు నేనెందుకని రోలా వైపు రాలేదు నువ్వు. ఈసారి తప్పదు. మా ఏసీ చెడిపోయింది. షారుఖ్ వల్ల కావడం లేదు, మాహిరాకు నిద్ర లేదు. ఈ ఆదివారం నువ్వే వచ్చి చూడాలి. ఒక్కడివే చెయ్యలేవు, వెంకట్రాములు గారినీ ఆనందకుమార్ గారినీ భూమేశ్‌నూ వెంటబెట్టుకుని రా. ఇమామ్ హుస్సేన్ అన్నకు చెప్పి ఉంచాను, క్యాంప్ బాసు గారితో కూడా మాట్లాడాను. వచ్చేటప్పుడు పనిబట్టలు కాకుండా ఇస్త్రీ చొక్కా వేసుకో.

మా ఇంట్లో అందరికీ చాప పరుస్తాను. కుర్చీ ఒక్కటే ఉంది, దాన్ని మధ్యలో వేస్తాను.

నీ ఫైజా